‘ఎర్రర్’ అని చెప్పి ఊరుకుంటే అది జవాబు కాదు



హోసూరులో మన సంఘం తరఫున ఆదివారాలు జరుగుతున్న కంప్యూటర్ తరగతి గురించి కొందరు పెద్దలు ఒకే ప్రశ్న వేశారు. “పిల్లలకు సీ భాష నేర్పుతున్నారు, సంతోషం. కానీ ప్రోగ్రాం నడిపించడం మానేసి, అది నడవనప్పుడు ఏం చెప్పాలో మూడు వారాలుగా చెబుతున్నారట. ఇదేం చదువు?” అని. తరగతి నడిపే మా అందరి తరఫున ఈ జవాబు. కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పని ఎందుకు ఆగిందో సరిగ్గా చెప్పలేని ప్రోగ్రాం సగం రాసిన ప్రోగ్రామే. మిగతా సగం కష్టం దాన్ని వాడేవాళ్ల నెత్తిన పడుతుంది.

ఏదో ఒక కౌంటరు ముందు గంటసేపు నిలబడ్డాక “సిస్టం ఎర్రర్ అండీ, రేపు రండి” అనిపించుకోనివాళ్లు మనలో ఎవరున్నారు? లోపల కూర్చున్న గుమాస్తా మీద విసుక్కుంటాం. పాపం, ఆయన ముందున్న తెర మీద కూడా అంతకంటే ఎక్కువ లేదు. విషయం తెలిసింది ఒక్క ప్రోగ్రాంకే. అది నోరు విప్పలేదు.

విషయం ప్రోగ్రాంకు తెలుసు అని ఎందుకంటున్నామంటే, ఏ ప్రోగ్రామూ డిస్కును గానీ నెట్‌వర్కును గానీ తనంతట తాను ముట్టుకోదు. “ఈ ఫైలు తెరిచి పెట్టు”, “ఇది రాసి పెట్టు” అని కెర్నల్‌కు అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ పేరే సిస్టం కాల్. కెర్నల్ ఒప్పుకోకపోతే చాలా కాల్స్‌లో సీ ప్రోగ్రాంకు మైనస్ ఒకటి తిరిగి వస్తుంది. ఎందుకు ఒప్పుకోలేదో చెప్పే అంకె ‘ఎర్‌నో’ అనే చోట పడుతుంది. లైనక్స్‌లో 2 అంటే ఆ పేరుతో ఏమీ లేదని, 13 అంటే అనుమతి లేదని, 28 అంటే డిస్కులో చోటు లేదని. ఈ మూడింటికీ ఈనోఎంట్, ఈయాక్సెస్, ఈనోస్పీసీ అని పేర్లున్నాయి. ఏ పని అడిగామో, ఏ ఫైలు మీద అడిగామో, ఎందుకు కాదన్నారో, ఈ మూడూ ఆ క్షణంలో ప్రోగ్రాం చేతిలో ఉంటాయి. మరుక్షణం ఉండకపోవచ్చు.

మన చందాల పట్టికనే ఉదాహరణగా తీసుకుందాం. సభ్యుల ఫైలు తెరుచుకోలేదు. ఒక ప్రోగ్రాం “ఎర్రర్” అంటుంది. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. రెండోది “ఫైలు తెరవలేకపోయాం” అంటుంది. ఏ ఫైలు? ఎందుకు? మూడోది పుస్తకాల్లో నేర్పినట్టు ‘పీఎర్రర్’ పిలిచి “ఓపెన్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ” అంటుంది. కారణం చెప్పింది, మంచిదే. పేరు మాత్రం చెప్పలేదు. పది ఫైళ్లు తెరిచే ప్రోగ్రాంలో ఈ మాట పట్టుకుని ఎక్కడ వెతకాలి?

మేము పిల్లలతో రాయిస్తున్న వాక్యం ఇలా ఉంటుంది:

చందా: ‘సభ్యులు-2024’ అనే ఫైలును చదవడానికి తెరవడం కుదరలేదు: ఆ పేరుతో ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు — ఈనోఎంట్.

మొదట ప్రోగ్రాం పేరు, తర్వాత చేయబోయిన పని, ఫైలు పేరు, కెర్నల్ చెప్పిన కారణం. అంతే. ఫైలు పేరు చుట్టూ ఉన్న ఆ కొటేషన్ గుర్తులు అలంకారం అనుకోకండి. కీబోర్డు నుంచి ‘ఎఫ్‌గెట్స్’తో పేరు తీసుకుంటే చివర ఎంటర్ గుర్తు కూడా అంటుకుని వస్తుంది. దాన్ని తీసేయకుండా తెరవబోతే కెర్నల్ లేదంటుంది. ఫైలేమో కళ్లెదుటే ఉంటుంది. కొటేషన్లు పెడితే రెండో గుర్తు కింది లైనులో పడి, దొంగ అక్కడే దొరికిపోతాడు.

ఇందులో ఒక కిటుకుంది. అది తెలియకే అనుభవమున్నవాళ్లు కూడా తప్పు కారణం చెబుతుంటారు. ఎర్‌నో అనేది ఒకే పలక. తర్వాతి పిలుపు దాని మీద మళ్లీ రాసేయవచ్చు. కాల్ విఫలమయ్యాక ముందు ఇంకో ఫైలు మూసేసి, ఒక లైను అచ్చువేసి, అప్పుడు ఎర్‌నో చూస్తే అందులో ఉన్నది వేరే కథ. పాత యూనిక్స్ యంత్రాల్లో ఉత్తరం చేరలేదని తిరిగొచ్చిన మెయిల్‌లో “నాట్ ఎ టైప్‌రైటర్” అని కారణం కనిపించేది. మెయిల్‌కూ టైప్‌రైటర్‌కూ ఏం సంబంధం? ఏమీ లేదు. అచ్చువేసే లైబ్రరీ తన అవుట్‌పుట్ టెర్మినల్‌కు పోతోందా లేదా అని కెర్నల్‌ను అడిగి చూసుకుంటుంది. కాదంటే పలక మీద ఆ అంకె మిగిలిపోతుంది. అసలు కారణం పోయి అది బయటికి వచ్చేది. అందుకే పిల్లలకు రెండు నియమాలు పెట్టాం. కాల్ విఫలమైందని దాని జవాబు చూసి తేల్చుకున్నాకే ఎర్‌నో వైపు చూడాలి. విఫలమైతే ఇంకే పనీ చేయకముందే ఆ అంకెను వేరే వేరియబుల్‌లో దాచుకోవాలి.

కారణం చెప్పడం వేరు, ఊహించి చెప్పడం వేరు. అనుమతి లేదని 13 వచ్చిందంటే ఆ ఫైలుకే అనుమతి లేదని కాదు. దారిలో ఉన్న ఏదో ఒక ఫోల్డరులోకి అడుగుపెట్టే హక్కు లేకపోయినా అదే అంకె వస్తుంది. ఇంటి తలుపు తీసే ఉంది, వీధి గేటుకు తాళం పడింది, అలాంటిది. స్క్రిప్టు ఫైలు ఎదురుగా ఉన్నా దాన్ని నడపబోతే “లేదు” అని రావచ్చు. దాని మొదటి లైనులో రాసిన ఇంటర్‌ప్రెటర్ దొరకకపోతే కెర్నల్ చెప్పేది అదే. విండోస్‌లో రాసి తెచ్చిన స్క్రిప్టుల్లో ఆ లైను చివర కంటికి కనబడని గుర్తు చేరి ఇలా అవుతుంది. కాబట్టి కెర్నల్ మాటను ఉన్నదున్నట్టు చెప్పండి. మీ సలహా ఉంటే “ఫలానాది చూసుకోండి” అని విడిగా కింద రాయండి. రెండూ కలిపేసి “పాస్‌వర్డ్ తప్పు” లాంటి తీర్పులు ఇచ్చేయకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. డిస్కు నిండిపోయిన రోజు ‘ఎఫ్‌ప్రింట్ఎఫ్’ చాలాసార్లు మామూలుగానే బాగానే రాశానంటుంది. ఎందుకంటే అది రాసింది డిస్కు మీద కాదు, మెమరీలోని బఫర్‌లో. చోటు లేదన్న సంగతి ‘ఎఫ్‌క్లోజ్’ దగ్గర బయటపడుతుంది. ఎఫ్‌క్లోజ్ జవాబు చూడని ప్రోగ్రాం “పట్టిక భద్రపరిచాం” అని నవ్వుతూ చెబుతుంది. వెనకాల సగం పేర్లే ఉంటాయి. చందా కట్టి రసీదు తీసుకున్న మనిషిని వచ్చే ఏడు “మీ పేరు లేదండీ” అంటే ఆ అవమానానికి ఎవరు జవాబుదారీ? అందుకే కొత్త పట్టికను వేరే పేరుతో పూర్తిగా రాసి, అంతా సరిగ్గా పడిందని తేలాకే ‘రీనేమ్’తో పాతదాని స్థానంలో పెట్టమంటున్నాం. విఫలమైతే చివర ఈ ఒక్క ముక్క కలపమంటున్నాం: “పాత పట్టిక అలాగే ఉంది, ఏమీ పోలేదు.” భయపడిన మనిషికి మొదట కావాల్సింది ఆ మాటే.

భాష సంగతికి వద్దాం. 2006 చట్టం వచ్చాక మన రాష్ట్రంలో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు మాత్రమే చదవగల తాతలూ ఉన్నారు. లెక్కలు చూసే పెద్దాయనకు ఇంగ్లీషు వాక్యం చూపించి ఏం లాభం? వాక్యం తెలుగులోనే ఉండాలి. ఈనోఎంట్ లాంటి సంకేతనామం మాత్రం మార్చకుండా చివర ఉంచాలి. పెద్దాయన ఫోన్‌లో ఆ ఒక్క మాట చదివి వినిపిస్తే బెంగళూరులో ఆఫీసులో ఉన్న మనవరాలికి విషయం అందుతుంది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. మన భాషలో విభక్తి మాటకు అంటుకుంటుంది. ప్రోగ్రాం మధ్యలో తెచ్చి పెట్టే పేరుకు ‘ను’ తగిలించాలో ‘ని’ తగిలించాలో దానికి తెలియదు. “అనే ఫైలును” అని రాస్తే ఆ బాధ తప్పుతుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ తెలుగు అతికిస్తే క్రియ నడి వాక్యంలో వచ్చి కూర్చుంటుంది. ‘గెట్‌టెక్స్ట్’ లాంటి అనువాద పద్ధతి వాడినా సరే, పూర్తి వాక్యాన్ని ఒక్కటిగానే అనువదించాలి.

“ఇన్ని తనిఖీలు పెడితే ప్రోగ్రాం బారెడు అవుతుంది” అన్నది తమ్ముళ్ల అభ్యంతరం. కాదు. సందేశం అచ్చువేసే ఫంక్షన్ ఒకటి రాసుకుంటే చాలు, ప్రతిచోటా ఒక్క లైనే. ఆ ఓపిక లేకపోతే బీఎస్‌డీ నుంచి వచ్చిన ‘ఎర్ర్’, ‘వార్న్’ అనే ఫంక్షన్లు లైనక్స్‌లోనూ ఉన్నాయి. ప్రోగ్రాం పేరు, మీ మాట, కారణం మూడూ అవే కలిపి ఎస్‌టీడీఎర్ర్‌కు పంపుతాయి. ‘ఎర్ర్’ అయితే మీరిచ్చిన అంకెతో ప్రోగ్రాంను ముగిస్తుంది కూడా. సందేశం అలా ఎస్‌టీడీఎర్ర్‌కే పోవాలి. మామూలు అవుట్‌పుట్‌లో కలిస్తే రేపు పట్టికలో సభ్యుడి పేరు బదులు “కుదరలేదు” అని అచ్చవుతుంది.

“దారులు, ఫైలు పేర్లు బయటపెడితే ప్రమాదం కదా” అని ఒక అక్క అడిగారు. బయటివాళ్లు చూసే వెబ్‌సైటు అయితే నిజమే. అక్కడ వివరం లాగ్‌లో రాసి, చూసేవాళ్లకు క్లుప్తంగా చెప్పాలి. వివరాన్ని పారేయమని మాత్రం దానర్థం కాదు. అలాగే ప్రతిదానికీ గోల చేయక్కర్లేదు. ఉంటే చదువుదామనుకున్న సెట్టింగుల ఫైలు లేకపోతే మౌనంగా ముందుకు పోవచ్చు. సిగ్నల్ వచ్చి మధ్యలో ఆగిన కాల్‌ను మామూలుగా మళ్లీ పిలిస్తే సరిపోతుంది.

“సందేశాలు ఎవరు చదువుతారండీ” అనేవాళ్లకు ఒకటే మాట. చదివినా ఏమీ తెలియని సందేశాలు చూసి చూసి జనం చదవడం మానేశారు. తప్పు చదివేవాళ్లది కాదు.

కాబట్టి వచ్చే కార్యవర్గ సమావేశంలో మేమొక ప్రతిపాదన పెడుతున్నాం. సంఘం లెక్కలకు వాడే ప్రోగ్రాం ఎవరు రాసినా మూడు పరీక్షలు పెట్టాలి. లేని ఫైలు పేరు ఇచ్చి చూడాలి. అనుమతి లేని ఫైలు ఇచ్చి చూడాలి, అయితే రూట్‌గా లాగిన్ అయితే కెర్నల్ సాధారణంగా అడ్డు చెప్పదు కనుక మామూలు వాడుకరిగానే చేయాలి. మూడోది, అవుట్‌పుట్‌ను లైనక్స్‌లోని ‘డెవ్ ఫుల్’ అనే పరికరానికి పంపి చూడాలి. దానికి ఏం రాసినా చోటు లేదనే జవాబు వస్తుంది. మూడుసార్లూ తెర మీద వచ్చిన మాటను కంప్యూటర్ తెలియని ఒక పెద్దాయన చేత చదివించాలి. ఏమైందో, ఎవరికి ఫోన్ చేయాలో, డబ్బు లెక్క భద్రంగా ఉందో లేదో ఆయనకు అర్థమైతే ఆ ప్రోగ్రాంను తీసుకుందాం. అర్థం కాకపోతే రాసినవాళ్లకు తిరిగి ఇచ్చేద్దాం, అది మా తరగతి పిల్లలు రాసిందైనా సరే.