యూరియా ఆగినా కూర ఆగకూడదు



1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. అక్కడి నుంచి వచ్చే తిండిగింజలు, ఎరువులు, డీజిల్ ఆగిపోయి క్యూబాలో తిండికి కటకట వచ్చింది. అప్పుడు హవానా జనం ఖాళీ జాగాల్లో మడులు కట్టి, కంపోస్టు, వానపాముల ఎరువు వేసి కూరగాయలు పండించుకున్నారు.

కానీ కరువు వచ్చాక పెరడు మొదలుపెడితే లేటే అంటాను నేను. టమాటా కాయాలంటేనే రెండు నెలలు దాటుతుంది, నేల బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. మనం జీవామృతం సొంతంగా చేసుకుంటున్నాం. మరి విత్తనం? చాలామందిమి ఇంకా షాపులోనే కొంటున్నాం. ఆ షాపు మూతపడితే ఏం చేస్తాం?

ఈసారి మంచి నాటు బెండ చెట్టు ఒకటి చూసి, నాలుగు కాయలు కోయకుండా ముదిరి ఎండేదాకా వదిలేయండి. ఆ విత్తనం ఎలా దాచుకోవాలో వీడియోలో చూపించాను.