గూఢచారి చదువుకు పొలం అమ్మనక్కర లేదు

విజయవాడ: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి కళాశాలలు తెరిచే దాకా బెంజ్ సర్కిల్‌లో ఏటా ఒకే దృశ్యం. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు వైపు నుంచి వచ్చిన బస్సులు దిగి, చేతిసంచిలో మార్కుల కాగితాలు పెట్టుకొని, పక్కన పిల్లవాడిని నడిపించుకుంటూ మేడల మీది బోర్డులు చదువుకొంటూ పోయే తండ్రులు కనిపిస్తారు. బందరు రోడ్డూ, చెన్నై–కోల్‌కతా రహదారీ కలిసే ఈ కూడలిలో వంతెన మీద లారీలు పరుగెడుతుంటే, వంతెన కింద పిల్లల భవిష్యత్తు బేరమాడబడుతూ ఉంటుంది.

ఇంజనీరింగు, కంప్యూటర్లు, అమెరికా అన్న పాత పేర్ల సరసన ఇప్పుడు మరో పేరు చేరింది. "ఇంటెలిజెన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ ఆపరేషన్స్" అనే డిగ్రీ అది. ఊళ్ళో మాటగా చెప్పాలంటే వేగు చదువు. సెల్‌ఫోనులో ఈ పేరు చూసి, "నాన్నా, ఇది చదివితే గూఢచారి శాఖలో ఉద్యోగం వస్తుందట" అని పిల్లవాడు అడిగితే ఏమి జవాబు చెప్పాలో సామాన్య రైతుకు తెలియదు. ఎకరం అమ్మే ముందు తెలుసుకోవలసిన సంగతులు మాత్రం ఉన్నాయి.

ఏమిటీ చదువు?

అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం సరిగ్గా ఈ పేరుతోనే డిగ్రీ నడుపుతోంది. ఆ రాష్ట్రంలోనే ఫోర్ట్ హువాచుకా అనే చోట అమెరికా సైన్యపు ఇంటెలిజెన్స్ శిక్షణ కేంద్రం ఉంది. పెన్సిల్వేనియాలోని మెర్సీహర్స్ట్ కళాశాల ఇలాంటి చదువును 1992లోనే మొదలుపెట్టింది. దాన్ని ప్రారంభించినవాడు ఎఫ్.బి.ఐ.లో పని చేసి వచ్చిన రాబర్ట్ హైబెల్. మన దేశంలో గుజరాత్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. పోలీసు, భద్రతా విషయాలు అక్కడ ప్రధానం.

సినిమాలో చూపించే తుపాకులూ, మారువేషాలూ ఈ తరగతి గదుల్లో ఉండవు. ఒక వార్త వచ్చింది. ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది, చెప్పడంలో వారికి లాభమేమిటి, మరొక చోట రుజువు దొరుకుతుందా అని తూచి, నాలుగు పేజీల్లో తేల్చి రాయడం మొదటి సగం. శత్రువు అబద్ధాన్ని నిజమని ఎలా నమ్మిస్తాడు, జనాన్ని ఎలా రెచ్చగొడతాడు, దానికి విరుగుడేమిటి అన్నది రెండో సగం. దీనికే సమాచార యుద్ధమని పేరు.

ఇది మనకు కొత్త విద్య కాదు. మైసూరు పండితుడు ఆర్. శామశాస్త్రి 1909లో అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో వేగులవారి రకాలు వరుసగా ఉన్నాయి. విద్యార్థి వేషం, సన్యాసి వేషం, వర్తకుని వేషంతోబాటు సేద్యం చితికిపోయిన రైతు కూడా ఆ జాబితాలో ఉండడం గమనార్హం. అంతకన్నా ముఖ్యమైనది ఆయన పెట్టిన నియమం. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు వేగులు ఒకే మాట చెబితేనే ఆ వార్తను నమ్మాలన్నాడు. నేటి కళాశాలల్లో చెప్పేదీ మూలంలో ఇదే.

ఉద్యోగం మాటేమిటి?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. అమెరికాలో ఈ చదువు చదివినా అక్కడి సి.ఐ.ఏ., ఎఫ్.బి.ఐ. వంటి సంస్థల్లో ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. విద్యార్థి వీసా మీద వెళ్ళిన మన పిల్లవాడు ఎన్ని మార్కులు తెచ్చుకొన్నా ఆ గడప తొక్కలేడు. ప్రైవేటు కంపెనీల్లో కంప్యూటరు భద్రత వంటి పనులు వెతుక్కోవలసిందే. లక్షలు అప్పు చేసి పంపే తండ్రికి ఈ ఒక్క ముక్క ముందుగా తెలియాలి.

మన దేశంలో ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటిది. విదేశీ వ్యవహారాలు చూసే "రా" 1968లో దాని నుంచి విడివడింది. "రా"కు చాలామంది అధికారులు ఇతర సర్వీసుల నుంచే వెళుతుంటారు. బ్యూరోలో మాత్రం నేరుగా చేరే మార్గం ఉంది. అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ గ్రేడ్–2 ఉద్యోగాలకు 2025 జులైలో 3,717 ఖాళీలతో ప్రకటన వెలువడింది. గుర్తింపు పొందిన ఏ డిగ్రీ అయినా చాలు. బి.ఏ. అయినా, బి.కాం. అయినా, బి.ఎస్సీ. అయినా ఒకటే. ఫలానా చదువే కావాలన్న నిబంధన లేదు. వయసు 18 నుంచి 27 ఏళ్ళ లోపు; రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది.

పరీక్షలో వర్తమాన విషయాలు, సాధారణ జ్ఞానం, లెక్కలు, తర్కం, ఇంగ్లీషుకు కలిపి నూరు మార్కులు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. తరువాత వ్యాసరచనతో కూడిన 50 మార్కుల పరీక్ష, ఆ పైన నూరు మార్కుల ఇంటర్వ్యూ.

అదే ఏడాది సెక్యూరిటీ అసిస్టెంట్ ఉద్యోగాలకు 4,987 ఖాళీలు ప్రకటించారు. వీటికి పదో తరగతి ప్యాసై, స్థానిక భాష వచ్చి ఉండాలి. ఖాళీలున్న కేంద్రాల పట్టికలో హైదరాబాదుతోబాటు విజయవాడ కూడా ఉంది. అంటే బజారులో నలుగురు మాట్లాడుకొనే తెలుగు తెలిసి ఉండడమే అక్కడ అర్హత. ఇక రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగంలోకి పోలీసు శాఖలో చేరినవారిని తీసుకొంటారు. ఏ దారిన వెళ్ళినా నడవడిక మీద విచారణ తప్పదు. కొట్లాట కేసుల్లో ఇరుక్కొన్న కుర్రవాడికి ఎంత గొప్ప డిగ్రీ ఉన్నా ఉపయోగం తక్కువ.

విశాఖ నేర్పిన పాఠం

ఈ విద్య తెలియక నష్టపోయినవారి కథ విజయవాడ కోర్టు దాకా వచ్చింది. 2019 డిసెంబరు 20న రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగం, నౌకాదళ ఇంటెలిజెన్స్, కేంద్ర సంస్థలు కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసినట్లు ప్రకటించాయి. "డాల్ఫిన్స్ నోస్" అన్నది ఆ ఆపరేషన్ పేరు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో స్నేహం కలిపి, తియ్యగా మాట్లాడి, ఓడల కదలికలు రాబట్టారన్నది అభియోగం. తరువాత జాతీయ దర్యాప్తు సంస్థ కేసు చేపట్టి 2020 జూన్‌లో 14 మందిపై విజయవాడ ప్రత్యేక కోర్టులో అభియోగపత్రం వేసింది. అరెస్టుల తరువాత కొద్ది రోజులకే నౌకాదళం తన ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది.

అభియోగం ప్రకారం అవతలివారు గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. ఫోనులో ఒక పలకరింపుతో పని మొదలుపెట్టారు. ప్రతి ఊరి నుంచీ కుర్రవాళ్ళు సైన్యానికి, నౌకాదళానికి వెళుతున్న ఈ రోజుల్లో ముక్కూమొహం తెలియని స్నేహాల సంగతి బిడ్డకు ఇంట్లోనే చెప్పి పంపవలసి ఉంది.

ఊరికి కావలసిన విద్య

ఈ యుద్ధం సరిహద్దుల్లోనే జరగడం లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయంటూ వాట్సాప్‌లో పుకార్లు పాకి, తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను చావబాదిన సంఘటనలు జరిగాయి. హైదరాబాదులో ప్రాణం కూడా పోయింది. అప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్.పి.గా ఉన్న రెమా రాజేశ్వరి పల్లెలకు కానిస్టేబుళ్ళను పంపారు. వారు డప్పు పట్టి, పాట కట్టి, ఆ వీడియోలు అబద్ధమని ఇంటింటికీ చెప్పారు. పుకారుకు పాటే విరుగుడైంది.

మన సంగతికి వస్తే, 2024 సెప్టెంబరు వరదలు ఎవరూ మరువలేదు. బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. జనం ఇంకా తేరుకోక ముందే, బుడమేరు కట్ట మళ్ళీ తెగిందన్న పుకారు లేచింది. అధికారులు ఖండించే లోపల ఎందరో తట్టాబుట్టా సర్దుకొన్నారు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి నిజమైన హెచ్చరిక వచ్చినా కదిలేవారుండరు. ప్రాణాలు పోయేది అప్పుడే.

లంక గ్రామాల పెద్దలకు దీని మందు తెలుసు. బ్యారేజి వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. ఆ లెక్క అడగాలి, కాలువ లస్కరును అడగాలి, గ్రామ సచివాలయంలో అడగాలి. ఈ మూడూ కలిస్తే పశువుల తలుగులు విప్పాలి. కౌటిల్యుడు చెప్పిన ముగ్గురు వేగుల నియమం ఇదే. దీనికి ఫీజు లేదు.

జిల్లాలోని డిగ్రీ కళాశాలలు ప్రతి కోర్సులోనూ వార్తను తూచే పాఠం ఒకటి చేర్చితే, అటు పోటీ పరీక్షకూ ఇటు ఊరికీ పనికి వస్తుంది. కొత్త పేరున్న కోర్సులో చేర్చే తల్లిదండ్రులు ఆ సంస్థ యు.జి.సి. జాబితాలో ఉన్నదీ లేనిదీ, అక్కడ చదివినవారు ఎక్కడ పని చేస్తున్నదీ విచారించి మరీ డబ్బు కట్టాలి. బోర్డు మీది మాట ఒకరి మాటే. మిగిలిన ఇద్దరినీ అడిగిన తరువాతే పొలం కాగితాలు బయటికి తీయడం మంచిది.