తొలి హాఫ్ మారథాన్: 21 కిలోమీటర్ల కన్నా పదహారు వారాలే కష్టం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డును ఆనుకుని పిళ్ళైచావడి ఉంటుంది. సముద్రం వైపు మత్స్యకారుల ఇళ్లు. ఒకప్పుడు పాండిచ్చేరి ఇంజినీరింగ్ కాలేజీగా ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారిన ప్రాంగణం ఇక్కడే ఉంది. చదువు కోసం యానాం నుంచి వచ్చే తెలుగు విద్యార్థులకు ఈ చిరునామా బాగా తెలుసు. పక్కనే కాలాపట్టులో కేంద్రీయ విశ్వవిద్యాలయం. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే, తమిళనాడు సరిహద్దు అవతల, ఆరోవిల్.

ఆరోవిల్‌లో 2008లో మొదలైన మారథాన్ సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది. ఎర్రమట్టి దారుల్లో, చెట్ల నీడన సాగే ఈ పరుగులో గెలిచినవారికి బహుమతులు ఉండవు. పరిగెత్తడంలోని ఆనందం కోసమే పరుగు అన్నది నిర్వాహకుల మాట. అందుకే మొదటిసారి హాఫ్ మారథాన్‌కు దిగేవారిలో చాలామంది దీనివైపు చూస్తారు.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. ఎప్పుడూ పరిగెత్తని మనిషి పిళ్ళైచావడి లాంటి ఊళ్లో ఉంటూ ఆ దూరానికి సిద్ధం కావాలంటే ఏం కావాలి? ఖరీదైన బూట్లు, చేతి గడియారం, పట్టుదల అని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటికన్నా ముందు కావాల్సినవి రెండు: తగినంత సమయం, భయం లేకుండా పరిగెత్తే చోటు. మొదటిది మనిషి చేతిలో ఉంది. రెండోది ఊరి చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉంది.

కదలని దేశంలో పరుగు మోజు

దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2022 నాటి అంచనా అది. మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 42 శాతం ఈ లెక్కలోకి వస్తారు. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నిమిషాల కఠిన వ్యాయామం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. సగం దేశం ఆ గీతకు ఇవతలే ఉంది.

మరోవైపు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, ఏడాది చివర్లో విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్ జనంతో నిండిపోతున్నాయి. ఇది మంచి పరిణామమే. చిక్కల్లా ఈ రెండింటి మధ్య దూరంలో ఉంది. ఏళ్ల తరబడి కుర్చీలో గడిపిన మనిషి ఒక సాయంత్రం స్నేహితుల మాట విని పేరు నమోదు చేసుకుంటాడు. డబ్బు కట్టాక శిక్షణ గురించి ఆలోచిస్తాడు. అప్పటికి పోటీకి ఆరు వారాలో, ఎనిమిది వారాలో మిగిలి ఉంటాయి. దెబ్బలు తగిలేది ఈ తొందరలోనే.

ఊపిరి ముందు, ఎముక వెనుక

పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఆయాసం తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తులు, రక్తప్రసరణ త్వరగా అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు మాత్రం అంత వేగంగా గట్టిపడవు. వాటికి నెలలు పడుతుంది. దాంతో నెల తిరిగేసరికి ఒక భ్రమ మొదలవుతుంది. ఊపిరి 'ఇంకా వెళ్లొచ్చు' అంటుంది. మోకాలు, మడమ, పిక్క మాత్రం ఇంకా సిద్ధంగా ఉండవు.

5,200 మందికి పైగా పరుగువీరులను పరిశీలించి డెన్మార్క్ పరిశోధకుల బృందం 2025లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కొత్త సంగతి చెప్పింది. వారం మొత్తంలో దూరం ఎంత పెరిగిందన్నదాని కన్నా, ఒక్క పరుగులో ఎంత పెరిగిందన్నదే గాయాలను ఎక్కువగా నిర్ణయిస్తోంది. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి ఎక్కువ దూరం కంటే పది శాతానికి మించి ఒకేసారి పెంచినప్పుడు గాయాల ముప్పు స్పష్టంగా పెరిగింది. దూరాన్ని రెట్టింపుకు మించి పెంచినవారిలో అది రెండింతలు దాటింది. నెలలో ఎనిమిది కిలోమీటర్లు దాటనివాడు ఆదివారం ఉత్సాహంలో పన్నెండు పరిగెత్తడం అంటే ఒక్కసారిగా యాభై శాతం పెంచడం.

ఈ పది శాతం సూత్రంతో ఒక చిన్న లెక్క వేయొచ్చు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగల మనిషి వారానికి ఒకసారి దూరపు పరుగు పెట్టుకుని, ప్రతిసారీ పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతే పదమూడు వారాలకు 17 కిలోమీటర్లు దాటుతాడు. మధ్యలో ఒక వారం తగ్గించుకోవడానికి, పోటీకి ముందు రెండు వారాలు కాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికి కలిపితే పదహారు వారాలు. మిగతా రోజుల్లో రెండు, మూడు చిన్న పరుగులు చాలు. అవి పక్కవారితో మాట్లాడుతూ వెళ్లగలిగేంత నెమ్మదిగా ఉండాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే.

ఈ లెక్కలో దాచకూడని సంగతి ఒకటుంది. 17 నుంచి 21కి వెళ్లడం కూడా పది శాతం గీత దాటడమే. అందుకే తొలి పోటీలో చివరి నాలుగు కిలోమీటర్లను శరీరం ఎరగని దూరంగానే చూడాలి. అక్కడ కొంతసేపు నడవడం ఓటమి కాదు. 1972 ఒలింపిక్స్‌లో పది వేల మీటర్ల పరుగులో అమెరికా తరఫున పాల్గొన్న జెఫ్ గాలోవే, కాసేపు పరుగు, కాసేపు నడక అనే పద్ధతిని దశాబ్దాలుగా కొత్తవారికి నేర్పించారు. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే లెక్క ప్రకారం నడవడం అందులోని కిటుకు.

ఐదు కిలోమీటర్లు కూడా పరిగెత్తలేని వారికి ఈ పదహారు వారాలకు ముందు మరో రెండు నెలలు కావాలి. అంటే మొత్తం ఆరు నెలలు. పేరు నమోదు చేసుకునే రోజున ఈ లెక్క చేతిలో ఉంటే చాలా గాయాలు తప్పుతాయి.

ఇంటర్నెట్ ప్రణాళికకు తెలియని వాన

ఫిబ్రవరి పోటీకి పదహారు వారాలు వెనక్కి లెక్కేస్తే అక్టోబరు వస్తుంది. పుదుచ్చేరి తీరంలో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేది అప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వాన, తుపాను కాలం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వారంలో పరుగు గురించి ఎవరూ ఆలోచించరు. ఆలోచించకూడదు కూడా.

పోయిన వారాన్ని తర్వాతి వారంలో కలిపి పూడ్చుకోవాలని చూడటమే అసలు ప్రమాదం. అది పైన చెప్పిన గంతుకే దారితీస్తుంది. వాన వల్ల రెండు వారాలు పోతాయని ముందే అనుకుని ప్రణాళిక వేసుకోవడం, ఆగిన చోటు కన్నా ఒక మెట్టు కింద నుంచి మళ్లీ మొదలుపెట్టడం ఈ తీరానికి సరిపోయే పద్ధతి. హైదరాబాద్‌ది దీనికి తిరగేసిన సమస్య. ఆగస్టు చివర్లో పోటీ అంటే ఏప్రిల్, మే ఎండల్లో మొదలుపెట్టాలి.

వానకు తోడు ఉక్కపోత. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. పుదుచ్చేరి, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తెల్లవారుజామున చల్లగా ఉన్నట్టే ఉంటుంది కానీ గాలిలో తేమ నిండుగా ఉంటుంది. చెమట కారుతుంది తప్ప ఆరదు. చలిదేశాల్లో రాసిన ప్రణాళికలోని వేగాన్ని ఇక్కడ పట్టుకోవాలనుకుంటే గుండె మీద భారం పెరుగుతుంది. కొత్త వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా గడియారాన్ని పక్కనపెట్టి, శ్వాసను బట్టి వెళ్లడమే మేలు.

ఎండ విషయంలో కొత్తవారికి మరో అన్యాయం కూడా ఉంది. అవినాశ్ సాబ్లే 2020లో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను గంటా 30 సెకన్లలో ముగించాడు. కిలోమీటరుకు ఏడు నిమిషాల వేగంతో వెళ్లే కొత్త మనిషికి 2 గంటల 28 నిమిషాలు, ఎనిమిది నిమిషాల వేగమైతే 2 గంటల 49 నిమిషాలు పడుతుంది. ఉదయం ఐదున్నరకు మొదలైతే వేగంగా వెళ్లేవారు సూర్యుడు పైకి రాకముందే ఇంటిదారి పడతారు. తక్కువ శిక్షణ ఉన్నవారు ఎనిమిది దాటినా ఎండలో ఉంటారు. నీళ్లు, వైద్య సిబ్బంది చివరి మనిషి వచ్చేదాకా ఉండాలనడం ఇందుకే.

నీళ్లలోనూ అతి పనికిరాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్త నమూనాలు ఇచ్చిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గిపోయినట్టు తేలింది. నాలుగు గంటలకు మించి పరిగెత్తినవారిలో, పరుగు తర్వాత బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. బరువు పెరగడం అంటే చెమటగా పోయినదానికన్నా ఎక్కువ నీరు తాగడమే. దాహాన్ని బట్టి తాగడం, రెండు గంటలు దాటే పరుగులో ఉప్పు, కాస్త తీపి అందేలా చూసుకోవడం చాలు. పరుగుకు ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో అలవాటున్న కడుపుకు కొత్త జెల్ కన్నా నమ్మకమైనవి. పోటీ రోజున కొత్తది ఏదీ మొదటిసారి తినకూడదు.

గుండె ఆగితే పక్కన ఎవరున్నారు?

పరుగులో ఎవరైనా కుప్పకూలిన వార్త వచ్చినప్పుడల్లా పరుగే ప్రమాదమన్న మాట వినిపిస్తుంది. అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్ పోటీలపై జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు దీనికి సమాధానం ఇస్తాయి. 2000 నుంచి 2010 దాకా పరిగెత్తిన కోటీ 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగిపోయింది. హాఫ్ మారథాన్‌లో ఈ ముప్పు పూర్తి మారథాన్‌లో ఉన్నదానికి నాలుగో వంతు మాత్రమే. 2010 నుంచి 2023 దాకా పోటీ పూర్తిచేసిన 2.9 కోట్ల మందిని లెక్కించినప్పుడు ఈ సంఖ్య 176. అంటే గుండె ఆగిపోయే రేటు పెద్దగా మారలేదు. మారింది మరణాల రేటు. మొదటి దశాబ్దంలో గుండె ఆగినవారిలో 71 శాతం మంది చనిపోతే, తర్వాతి కాలంలో అది 34 శాతానికి తగ్గింది.

గుండెలు మారలేదు, పక్కనున్న మనుషులు మారారు. వెంటనే ఛాతీపై నొక్కుతూ సీపీఆర్ చేసేవారు, గుండెను మళ్లీ లయలోకి తెచ్చే ఏఈడీ యంత్రాలు అందుబాటులోకి రావడం ఈ తేడాకు ప్రధాన కారణాలు. కాబట్టి పేరు నమోదు చేసుకునేవారు టీషర్టు రంగు గురించి కాదు, దారిలో ఏఈడీలు ఎన్ని, అంబులెన్సు ఎక్కడ అని అడగాలి. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు శిక్షణకు ముందే వైద్యుణ్ని కలవాలి. పరుగులో ఛాతీనొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడే ఆగాలి.

పరిగెత్తే చోటేది?

పదహారు వారాలు ఓపిక పట్టినా, వాటిని ఎక్కడ గడపాలన్న ప్రశ్న మిగులుతుంది. పిళ్ళైచావడికి సముద్రం పక్కనే ఉంది కానీ ఇసుకతీరం లేదు. పుదుచ్చేరికి ఉత్తరాన తీరాన్ని ఏళ్లుగా కెరటాలు కోసేస్తున్నాయి. ఈ ఊరి ఇళ్లకే భద్రత లేదు, ఇక పరుగుకు బీచ్ ఎక్కడిది? మిగిలింది ఈస్ట్ కోస్ట్ రోడ్డు. చెన్నై వైపు వెళ్లే కార్లు, బస్సుల రోడ్డది. చీకటి ఉండగా దాని అంచున పరిగెత్తడం మోకాలి నొప్పికన్నా పెద్ద ముప్పు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. హైదరాబాద్ శివారు బండ్లగూడలో 2023 జూలైలో ఉదయపు నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లను కారు బలితీసుకుంది. 114 ఏళ్ల మారథాన్ తాతగా ప్రపంచానికి తెలిసిన ఫౌజా సింగ్ 2025 జూలైలో పంజాబ్‌లోని సొంత ఊళ్లో రోడ్డు మీద వాహనం ఢీకొని చనిపోయాడు. మారథాన్‌లు ఆయన్ను ఏమీ చేయలేదు.

పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. పుదుచ్చేరి పట్టణంలోని బీచ్ రోడ్డును సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా వాహనాలకు మూసేస్తారు. ఒకటిన్నర కిలోమీటర్ల ఆ చిన్న దారిలో ముసలివారు నడుస్తారు, పిల్లలు ఆడుకుంటారు, పరిగెత్తేవారు పరిగెత్తుతారు. మహిళలకు దీని విలువ ఇంకా ఎక్కువ. పరుగు మానేయడానికి చాలామంది చెప్పే కారణం శక్తి లేకపోవడం కాదు, చీకట్లో ఒంటరిగా వెళ్లే దారి లేకపోవడం. శ్రమ చాలని మహిళలు 57 శాతం ఉన్నారన్న లెక్క వెనుక ఈ దారుల కథ కూడా ఉంది.

పిళ్ళైచావడి, కాలాపట్టు లాంటి చోట్ల విశ్వవిద్యాలయాలకు లోపల మంచి రోడ్లున్నాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా కేంద్రంలో ఏదో ఒక కాలేజీ మైదానం ఉంది. వాటి గేట్లు ఉదయం ఐదు నుంచి ఏడు దాకా చుట్టుపక్కల ఊరివారికి తెరవడానికి కావాల్సింది కోట్ల రూపాయలు కాదు, ఒక ఉత్తర్వు, ఒక కాపలాదారు, నాలుగు దీపాలు. ఏడాదికి ఒక ఆదివారం నగరమంతా రోడ్లు మూసి మారథాన్ జరపగల యంత్రాంగానికి మిగతా రోజుల్లో రెండు గంటలపాటు ఒక్క దారి మూయడం కష్టమేమీ కాదు. కొత్తవారు ఫినిష్ గీత దాటే ఫొటోలు ఎన్ని వచ్చాయన్నది కాదు, వాళ్లు ఆ తర్వాతి సోమవారం ఎక్కడ పరిగెత్తారన్నదే ఏ ఊరి ఆరోగ్యానికైనా అసలు కొలత.