చెవిలో ముసలాయన
గుహలో కంప్యూటర్ ముందు ముసలి బ్రూస్ వేన్, కాళ్ల దగ్గర కుక్క ఏస్, కొత్త బ్యాట్‌మ్యాన్‌గా పైన ఎగిరే కుర్రాడు టెర్రీ చెవిలో ఆయన చిరాకు గొంతు: 1999 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బియాండ్’ కార్టూన్ అంటే నాకు ఇదే. 2013లో దానికి కొనసాగింపుగా ‘బ్యాట్‌మ్యాన్ బియాండ్ 2.0’ కామిక్ మొదలైంది. అందులో బ్రూస్‌కూ ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరాకూ అంటగట్టిన పాత సంబంధం చూసి అభిమానులు మండిపడ్డారు. మండిపడరూ మరి! నాకు గుచ్చుకున్నది మాత్రం వేరు. ఆ కామిక్‌లో కుర్రాడి చెవిలో మాట్లాడేది బ్రూస్ కాదు, ఒకప్పటి రాబిన్ డిక్ గ్రేసన్. అసలే కాగితానికి గొంతుండదు. బ్రూస్ మాటల బుడగ కనిపిస్తే చాలు, కార్టూన్‌లో ఆయనకు గొంతిచ్చిన కెవిన్ కాన్‌రాయ్ గొంతు అరువు తెచ్చుకుని చదివేసేవాణ్ణి. వయసు మళ్లిన డిక్ గొంతు ఆ కార్టూన్ ఎప్పుడూ వినిపించలేదే, ఏ గొంతు అరువు తేను? పేజీ తిప్పినప్పుడల్లా ముసలాయన విసుక్కుంటాడేమోనని చూశాను.