60 రెట్లు తిప్పినా ఆ పిట్ట పేరు తెలియదు

పక్షుల్ని చూసే వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. మంచి స్పాటింగ్ స్కోప్ కొంటే చాలు, కిలోమీటరు దూరంలో ఉన్న పిట్టకి కూడా పేరు పెట్టెయ్యొచ్చని. కొన్న కొత్తలో జూమ్ రింగుని 60 దాకా తిప్పెయ్యని వాళ్ళని నేను చూళ్ళేదు. ఈ జూమ్ మోజు మీద నాకు ఎప్పట్నుంచో కడుపుమంట, ఇవాళ కక్కేస్తాను :)

ముందు కాస్త లెక్క. (రాసేది సాఫ్ట్‌వేరే అయినా చదివింది ఇంజినీరింగ్ కదా, భరించండి.) స్కోపు ముందు అద్దం 80 మిల్లీమీటర్లది అనుకుందాం. పక్కపక్కనున్న రెండు చుక్కల్ని అది విడివిడిగా చూపించే హద్దు సుమారు 1.45 ఆర్క్ సెకన్లు. కిలోమీటరు దూరంలో అది 7 మిల్లీమీటర్లు. లిటిల్ స్టింట్ అని పిచ్చుకంత పిట్ట ఒకటుంది, దాని ముక్కు 18 మిల్లీమీటర్లకి అటూఇటూ. అంటే ఆ ముక్కు మొత్తం కలిపి రెండున్నర చుక్కలన్నమాట! జూమ్ పెంచితే ఆ చుక్కలే లావెక్కుతాయి గానీ కొత్తవి పుట్టవు. పైగా 20 దగ్గర 4 మిల్లీమీటర్ల వెడల్పుతో కంట్లోకొచ్చే వెలుగు 60 దగ్గర 1.3కి సన్నబడుతుంది. బొమ్మ మసకేస్తుంది.

ఇదంతా గాలి కదలకుండా ఉంటే సంగతి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పులికాట్ సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద నిలబడి పొద్దున పదింటికి స్కోపులో చూడండి. ఎండకి కాగిన బురద మీద గాలి ఉడుకుతూ ఉంటుంది, పిట్టల కాళ్ళు నీళ్ళలో నీడల్లా వంకర్లు పోతుంటాయి. జూమ్ ఆ వణుకుని కూడా పెంచుతుంది మరి. లిటిల్ స్టింట్ కాళ్ళు నల్లగా, టెమ్మింక్స్ స్టింట్ కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయని పుస్తకంలో ఉంటుంది. బురదంటిన కాళ్ళకి ఆ సంగతి తెలియదు కదా! ఇక శాండ్ ప్లోవర్ల గొడవ చెప్పనే అక్కర్లేదు. ఒకప్పటి లెస్సర్ శాండ్ ప్లోవర్ ఇప్పుడు సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులైంది. చలికాలపు ఈకల్లో వాటిని దగ్గర్నుంచి చూసి విడదీయడమే కష్టం.

దూరం నుంచి ఏదీ పోల్చలేమని కాదు నేననేది. నల్లరెక్కల స్టిల్ట్‌ని ఆ పొడుగు కాళ్ళే పట్టిస్తాయి. నడకని బట్టి, మేసే తీరుని బట్టి జాతి చెప్పే పెద్దవాళ్ళున్నారు, వాళ్ళ మాట నేను నమ్ముతాను. ఎందుకంటే "ఇది తెలీదు" అని చెప్పేదీ వాళ్ళే.

మన డేటాబేస్ భాషలో చెప్పాలంటే, నల్ ఉన్న చోట ఊహించిన విలువ రాయకూడదు. నల్‌ని రేపెవరైనా పూరించొచ్చు. తప్పు విలువని మాత్రం ఎవరూ అనుమానించరు, అది లెక్కల్లో కలిసిపోతుంది. ఈబర్డ్‌లో "ఏదో ఒక స్టింట్" అని నమోదు చేసే వీలు ఉండనే ఉంది, కానీ అలా రాస్తే జాబితాలో అంకె పెరగదు. అదీ అసలు బాధ!

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఏ చిత్తడి నేలని కాపాడాలో వాదించేటప్పుడు ఇలాంటి లెక్కలే చేతిలో పట్టుకుంటారు. స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్ లాంటిది ప్రపంచంలో కొన్ని వందలే మిగిలింది. దాని చెంచా ముక్కు పక్కనుంచి చూస్తే మామూలు స్టింట్ ముక్కులాగే ఉంటుంది. ఉడుకుతున్న గాల్లోంచి రెండున్నర చుక్కలు చూసి ఎవరైనా దాని పేరు రాస్తే, లేని చోట ఉన్నట్టు లెక్క. గుంపులో అది నిజంగానే ఉన్నా, మొత్తాన్నీ "లిటిల్ స్టింట్ 400" అని రాసేస్తే, ఉన్నచోట లేనట్టు లెక్క.

కాబట్టి ఈ జనవరికి వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే వెళ్ళండి, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోండి, జూమ్ 30 దగ్గర ఆపండి. అప్పటికీ తేలకపోతే "స్టింట్, జాతి తెలియదు" అని రాసి పక్క గుంపుకి వెళ్ళండి.