నీటికి విడువవలసిన చోటు

“హరిత భవనము”, “హరిత నగరము” అను మాటలు నేడు మన పురపాలకుల నోట తఱచుగా వినవచ్చుచున్నవి. సముద్రతీరమందలి మహానగరములలో అద్దాల మేడలకు ఆకుపచ్చ బిరుదములు లభించుచున్నవి. మన హైదరాబాదులో 2004 వ సంవత్సరమున ప్రారంభింపబడిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము, అమెరికా వెలుపల ప్లాటినము శ్రేణి నందుకొన్న మొదటి భవనమని పేరుగాంచినది. సంతోషమే. కాని అడవి యంచున, ఏటి యొడ్డున కాపురముండు ఖమ్మము, భద్రాచలము, పాల్వంచ వాసులమగు మనము ఈ మాటలను మన గడపకు దెచ్చి పరీక్షింపవలదా?

ముందుగా ఒక సంగతి గమనింపవలయును. మహానగరములలో గదులను చల్లబఱచు యంత్రములు విద్యుత్తుతో నడచుచున్నవి. ఆ విద్యుత్తులో కొంత మన మణుగూరు బొగ్గు వలనను, పాల్వంచ పొగగొట్టముల వలనను, గోదావరి చేరువ 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము వలనను పుట్టుచున్నది. కచేరీల కాగితము సారపాకలో 1979 లో వెలసిన మిల్లునుండియు పోవుచున్నది. నగరము తన మేడకు హరిత పతాకము నెత్తుకొనుచుండగా, బూడిదయు ధూళియు మన భాగమునకు మిగులుచున్నవి. కావున నగరముల నమూనాను అరువు తెచ్చుకొనుటకు ముందు, మన నేల, మన నీరు, మన యెండ ఏమి కోరుచున్నవో తెలిసికొనుట యుక్తము.

భద్రాచలమున గోదావరి మట్టము 43 అడుగులకు చేరగనే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురు. ఈ యంకెలు అచటి పిల్లలకు సైతము ఎక్కముల వలె కంఠస్థములు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు పొంగెను. 1990 లో మరల డెబ్బది యడుగులు దాటెను. 2022 జులై 16 న 71.3 అడుగులకు ఎక్కెను. ఆ వరదలో వంతెనపై రాకపోకలు నిలిచెను. వేలకొలది జనులు ఇండ్లు విడిచి శిబిరములు చేరిరి. ముప్పదియాఱేండ్లలో మూడు మాఱులు డెబ్బది దాటిన నదిని చూచి, “ఎన్నడును ఎఱుగని విపత్తు” అనుట ఆత్మవంచన. కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున రాములవారి కోవెలను గుట్టపై గట్టించెను. ఆనాటి వారికి నది పొలిమేర తెలియును. ఆ తెలివి మనము పోగొట్టుకొంటిమి.

1986 వరదల పిదప ఊరికి కరకట్ట కట్టిరి. 2022 లో ఆ కట్ట పట్టణమును పెనువరద వాత బడకుండ గాచినమాట నిజము. కాని కట్ట యొక్క స్వభావము నెఱుగక దానినే సర్వరక్షగా నమ్ముట ప్రమాదము. నది పొంగినపుడు కట్టలోని తూముల తలుపులు మూయవలయును. అపుడు వెలుపలి నీరు లోనికి రాదు. లోపలి నీరు వెలుపలికిని పోదు. ఆ దినములందే వానయు కురియును. ఊరిలోని మురుగును వాననీరును పల్లమున చేరి, మోటారులు తోడిపోయునంతవఱకు ఇండ్లలో నిలుచును. ఆలయమునకు చేరువనున్న విస్తా కాంప్లెక్సు ప్రాంతమువారు ఈ కష్టమును పలుమాఱు లనుభవించిరి. కట్ట యెంత యెత్తైనను, దానిలోపల వాననీరు నిలుచుటకు చెఱువు, గుంట, ఖాళీ మైదానము విడువనిచో, ఊరు గిన్నెవలె నిండుట తప్పదు. ఆ గుంటలనే పూడ్చి మనము ఇండ్ల స్థలములుగా అమ్ముకొనుచున్నాము.

ఖమ్మము కథయు వేఱు కాదు. 2024 సెప్టెంబరు 1 న మున్నేరు ఒడ్డులు దాటి, ప్రకాశనగరము, బొక్కలగడ్డ, కాల్వొడ్డు ప్రాంతముల ఇండ్లలో జొరబడెను. ప్రకాశనగరపు వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకొనగా, ఒక యంత్రచోదకుడు ప్రాణములకు తెగించి మన్ను త్రవ్వు యంత్రముతో వారిని ఒడ్డు చేర్చెను. ఆ సాహసికి జోహారు! కాని వ్యక్తుల సాహసముపై ఆధారపడు రక్షణ పురపాలనము కానేరదు. మున్నేటికి ఇరుగడల కాంక్రీటు గోడలు తలపెట్టిరి. గోడలతోపాటు లోపలి నీటికి త్రోవ చూపనిచో, భద్రాచలము నేర్పిన పాఠమునే ఖమ్మము మరల నేర్చుకొనవలసి వచ్చును.

ఇక గృహనిర్మాణము. 2024 మార్చి 11 న ఇందిరమ్మ ఇండ్ల పథకమును ప్రభుత్వము భద్రాచలముననే ఆరంభించినది. స్వంత స్థలము గల పేదకు 5 లక్షల రూపాయల సాయము ఒసగు ఈ పథకమును మేము స్వాగతించుచున్నాము. పునాది, గోడలు, స్లాబు అని దశలవారీగా సొమ్ము విడుదలగును. ఐతే హైదరాబాదు శివారున కట్టు ఇల్లును, దుమ్ముగూడెమున ఏటి గట్టున కట్టు ఇల్లును, అడవిలోని కోయగూడెమున కట్టు ఇల్లును ఒకే అచ్చున బోసినట్లుండ వలయునా? గట్టునగల యింటికి ఎత్తైన అరుగును, మిద్దెపైకి మెట్లును ముఖ్యములు. అడవి పల్లెయందలి యింటికి ఎండనుండి కాపు ముఖ్యము. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటు ఈ సీమలో ఒంటి స్లాబు పగలంతయు వేడిని త్రాగి రాత్రియంతయు క్రక్కును. దానిపై సున్నపుపూత, ఎదురెదురుగా కిటికీలు, ముందొక వసారా, పడమట నొక వేపచెట్టు — వీని కయ్యెడు వ్యయము స్వల్పము. కలుగు సుఖము నిత్యము.

కోయల యిల్లు మనకు ఈ విషయమున ఒజ్జ. వెదురు తడికకు మన్ను మెత్తి, చూరు క్రిందికి వంచి, గడ్డి కప్పిన ఆ యిల్లు వేసవిలో చల్లగా నుండును. వరద కొట్టుకొనిపోయినను, యజమాని తన చేతులతోనే మరల నిలుపుకొనగలడు. ఐనను మేడలలో నుండు మనము పేదలను గుడిసెలలోనే యుండుడని బోధించుట అధర్మము. గడ్డికప్పునకు నిప్పు భయము, పాము భయము, ఏటేట మార్చు శ్రమ కలవు. మేము కోరునది ఆ విద్యను నేటి శాస్త్రముతో కూర్చుట. వెలిగారము, బోరికామ్లము కలిపిన నీట నానవేసిన వెదురునకు పురుగు భయము తగ్గును. వెదురు గడ్డిజాతియైనను 1927 అటవీ చట్టము దానిని వృక్షముగా లెక్కించెను. 2006 అటవీ హక్కుల చట్టము దానిని అడవిబిడ్డల చిన్నతరహా ఫలసాయముగా గుర్తించినది. 2017 సవరణ అడవి వెలుపల పెంచిన వెదురును ఆ సంకెలనుండి విడిపించినది. చట్టము విడిచినదానిని కచేరీలు పట్టియుంచరాదు. ప్రపంచమున వెలువడు బొగ్గుపులుసుగాలిలో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు వలన గలుగుచుండగా, చెంతనున్న వెదురును విడిచి సర్వమును సిమెంటుతోనే కట్టవలయుననుట స్వదేశి ధర్మము కాదు. 1936 నుండి గాంధీజీ నివసించిన సేవాగ్రామపు కుటీరము మట్టి, వెదురు, పెంకులతో కట్టినదే గదా!

భద్రాచలమునకు మఱొక ఇక్కట్టు కలదు. 2014 లో ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు చేరగా, ఈ పట్టణము చుట్టును పొలిమేరలు బిగిసినవి. పొరుగున నున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచుకలపాడు అవతలి రాష్ట్రమున నున్నవి. ఊరి చెత్త వేయుటకే చోటు కఱవై, అది గోదావరి గట్టు చేరుచున్నది. లక్షలాది భక్తులు స్నానమాడు తీర్థమునకు ఇది తీరని యవమానము. నేలపై చోటు లేని ఊరు పైకి పెరుగజూచును. 2025 మార్చిలో ఇచట కట్టుచున్న పెక్కంతస్తుల భవనము కూలి పనివారు ప్రాణములు కోల్పోయిరి. కట్టడములపై ఎవరి కన్నును లేనిచోట హరిత నిర్మాణము సంగతి యేల?

కావున మేము పాలకులను కోరునవి ఇవి. మొదటిది, 1986, 2022 వరదల గుర్తులను, మున్నేటి 2024 గుర్తును వీథివీథిని రాతిపై చెక్కించి, ఆ గీత క్రింద క్రొత్త కట్టడములకు అనుమతి నిలుపవలయును. రెండవది, పల్లమునందున్న పేదలకు మెరకను స్థలము లీయవలయును. 2022 జులై 17 న నాటి ముఖ్యమంత్రి భద్రాచలమునకు వచ్చి, శాశ్వత రక్షణకు, ఎత్తున కాలనీ నిర్మాణమునకు 1000 కోట్లు ప్రకటించెను. అందు ఎంత నెఱవేఱినదో లెక్క చెప్పవలయును. మూడవది, కరకట్టలోపలి గుంటలను, ఖమ్మపు లకారమువంటి చెఱువులను, వానిని కలుపు కాలువలను సర్వే చేసి హద్దురాళ్లు నాటవలయును. నాలుగవది, ఐదు పంచాయతుల విషయమును, పోలవరపు వెనుకనీటి కొలతలను రెండు రాష్ట్రములు గూడి తేల్చి ప్రజల యెదుట నుంచవలయును. ఇరుగడల నున్నవారు తెలుగువారే. చెత్తబండి నిలుపు చోటు కొఱకు సోదరులు కలహింప నేల?

పౌరులును చేతులు కట్టుకొని కూర్చుండరాదు. గుంటను పూడ్చి అమ్మువాడు ఒకడైనచో, తెలిసి కొనువాడు మఱియొకడు. మన యింటి చుట్టునున్న నేలనంతయు సిమెంటుతో కప్పి, వానచుక్క ఇంకుటకు జానెడు చోటు విడువక, నీరు నిలిచినదని పంచాయతిని దూషించుట న్యాయమా? ప్రతి పఠనమందిరమును తన వాడలోని పాత చెఱువుల, వాగుల పటము నొకటి వృద్ధుల నడిగి వ్రాయించి గోడకు తగిలించుగాక. స్థలము కొనబోవువాడు దస్తావేజుకంటె ముందు ఆ పటమును చూచుగాక.

గోదావరి తన దారి నెన్నడును మఱవలేదు. మున్నేరును మఱవలేదు. నీటికి విడువవలసిన చోటు మనము బుద్ధిపూర్వకముగా విడిచితిమా, నది మనకు తల్లి. విడువకున్నచో అది తానే వచ్చి పుచ్చుకొనును, మన యిల్లును, మన బిడ్డలను లెక్కింపకయే. తదుపరి వానకారు వచ్చులోపల ఈ కర్తవ్యము నారంభింపవలయునని పాలకులను, పౌరులను హెచ్చరించుచున్నాము.