బోటుతో పాటు కాగితమూ రేవు మారాలి

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన శాఖ మంత్రి గారికి,
రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి,



మా బావమరిది కాకినాడలో పాత మరబోటు కొన్నాడు. బోటు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వచ్చేసింది, దాని రిజిస్ట్రేషన్ కాగితం రాలేదు. అక్కడ అడిగితే ఇక్కడికి వెళ్లమన్నారు, ఇక్కడ అడిగితే అక్కడి పత్రం తెమ్మన్నారు. చేపల వేట నిషేధం ముగిసి పక్క బోట్లన్నీ కదిలాయి, కాగితం లేక మా బోటు కదల్లేదు. ఇతని సరంగు, కలాసీలు పొట్ట గడవక వేరే బోట్లు ఎక్కారు.

నిబంధనలు వద్దనడం లేదు. 2008లో ముంబైపై దాడికి వచ్చినవాళ్లు వాడుకున్నది ‘కుబేర్’ అనే చేపల బోటునే. నడిసముద్రంలో కోస్ట్‌గార్డు ఆపితే బోటు మీది పేరు, నంబరు కాగితంతో కలవాల్సిందే. కలవకపోతే అనుమానం సరంగు మీద పడుతుంది. డీజిల్ రాయితీకీ, బీమాకీ, కలాసీల నిషేధ భృతికీ ఆ కాగితమే ఆధారం. అంత ముఖ్యమైనది కాబట్టే త్వరగా ఇవ్వమంటున్నాను.

పెద్ద ఓడలకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) నంబరు ఉంటుంది. పేరు మారినా, జెండా మారినా, తుక్కుకు పోయేదాకా అదే నంబరు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద ఓడ రిజిస్ట్రేషన్ రేవు మార్చాలంటే యజమానులు, తాకట్టు పెట్టుకున్నవాళ్లు ఒప్పుకోవాల్సి ఉండేది. ఆపైన పాత రేవు రిజిస్ట్రారే రికార్డును కొత్త రేవుకు పంపాల్సి ఉండేది. అప్పిచ్చినవాళ్ల హక్కు ఎక్కడికీ పోయేది కాదు. ఎంత తెలివైన ఏర్పాటు! ఓడకు దక్కిన ఈ మర్యాద మరబోటుకు ఎందుకు దక్కకూడదు?

2023 నవంబరు 19 రాత్రి మా హార్బర్‌లో సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ప్రభుత్వం విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది, మంచిదే. కానీ అలా బోటు పోయినవాడికి కొత్తది కట్టించుకునే స్తోమత ఎక్కడిది? పాతదే కొనాలి. కొంటే ఇదే తిరుగుడు.

అయ్యా, 1958 చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. చేపల బోటుకు పేరు, రేవు మార్పు దరఖాస్తు ఒక్కచోట తీసుకునేలా నిబంధన పెట్టండి. రికార్డు ఆఫీసు నుంచి ఆఫీసుకు మీరే పంపించుకోండి. ఆలోగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వండి. పాత పేరు రికార్డులో ఉంచండి, పోలీసులకూ పనికొస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లన్నీ రేవులోనే ఉంటాయి. వచ్చే నిషేధంలో హార్బర్‌లోనే శిబిరం పెట్టి, బోటును కళ్లారా చూసి, ఈ మార్పులన్నీ అక్కడికక్కడే పూర్తి చేయించండి.

దువ్వాడ వాసి